నా సంగతి చెప్పానంతే

ఫిబ్రవరి 3, 2025

రిపోర్టు వచ్చింది. మూత్రంలో ప్రొటీన్ లేదు. బీపీ మామూలుగా ఉంది.

డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు తిరగేసి, "తారామణి గారూ, చెప్పింది చెప్పినట్టు చేసే పేషెంట్లు నాకు చాలా తక్కువ" అంది. నేను వేసుకునే ఆ ఒక్క చిన్న మాత్ర కూడా ఆపి చూద్దామంది. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని చూసుకోవాలట, నెలనెలా వచ్చి చూపించుకోవాలట, పెరిగితే మళ్ళీ మొదలుపెట్టాలట. నడక మాత్రం ఎప్పటికీ మానకూడదట. నేను మానతానా!

పోయిన ఏడాది ఏడో తరగతిలో నదుల మ్యాపు చూపిస్తుంటే కళ్ళ ముందు గోడంతా ఊగింది. పిల్లలే కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. బీపీ అన్నారు, కిడ్నీలు కొంచెం లీకవడం మొదలైందన్నారు. ఆ రోజు హబ్సిగూడ నుంచి ఆటోలో ఏడుస్తూ వచ్చాను. ఈరోజు అదే హబ్సిగూడ నుంచి నాచారం దాకా నడిచి వచ్చాను. ఎండ కూడా తెలియలేదు.

మా ఆయన మహిపాల్ ఫస్టు షిఫ్టు అయిపోయి ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఉన్నాడు. రిపోర్టు చూపిస్తే, "ఇగ నీతోని ఏగుడు కష్టం. ఊరందరిని నడిపిస్తవు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

సాయంత్రం కింది పోర్షన్ వేణి తమ కర్రీ పాయింటుకు పోయే ముందు గోంగూర పప్పు పట్టుకుని పైకి వచ్చింది. ఉప్పు తక్కువ వేసి నాకోసం విడిగా చేసిందట. ఈ మనిషికి బీపీ కూతురు ఉదయశ్రీ కడుపులో ఉన్నప్పటి నుంచి ఉంది. ఉదయ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. అన్నేళ్ళుగా మాత్రలు. నాతో పార్కుకు రావడం మొదలుపెట్టి నాలుగైదు నెలలయింది.

"అయితే మీరిక మాత్రలు వేసుకోనక్కర్లేదా అక్కా?" అంది.

"అవసరం లేదన్నరు."

"అదృష్టవంతులు. నాకు రెండు రకాలు. అవి వేసుకుంటే తల తూలినట్టుంటుంది. పొయ్యి దగ్గర నిలబడలేను."

చాలాసేపు మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు ఆమె మొహం కళకళలాడింది.

ఫిబ్రవరి 9

వాట్సాప్ గ్రూపు పెట్టాను. కాలనీ ఆడవాళ్ళు, బడిలో ఇద్దరు టీచర్లు, వెనక వీధిలో బ్యూటీ పార్లర్ నడిపే సంతోషి. అందరికీ నా పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి పంపాను. పొద్దంతా చప్పట్లే చప్పట్లు.

ఫిబ్రవరి 20

వేణి ఇప్పుడు నాకంటే ముందు నడుస్తోంది. ఆగమన్నా ఆగదు. మొదట్లో రెండు చుట్లకే బెంచీ వెతుక్కునేది. మోకాళ్ళు నొప్పులట. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని వేసుకుంటోంది. బరువు తగ్గితే నొప్పులు వాటంతటవే పోతాయని చెప్పాను. పోతాయి. నాకు పోలేదా!

"తల తూలడం లేదక్కా ఇప్పుడు. హాయిగా ఉంది" అంది.

మార్చి 2

ఇంట్లో మిషన్‌లో బీపీ బాగుంది. మహిపాల్‌కు చూస్తే కొంచెం ఎక్కువ వచ్చింది. రేపటి నుంచి లేపుకుపోతానంటే దుప్పటి ముసుగు పెట్టేశాడు.

మార్చి 8

మహిళా దినోత్సవమని కాలనీ వాళ్ళు ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ముప్ఫై ఏళ్ళుగా క్లాసుల్లో మాట్లాడుతున్నదాన్ని, మైకు పట్టుకుని మొదటి మాట రెండుసార్లు చెప్పాను. ఎలా మొదలైందో, ఎంత భయపడ్డానో, ఎలా నడిచానో చెప్పాను. కిడ్నీలను మళ్ళీ దారికి తెచ్చుకున్నానని, మాత్ర కూడా ఆపేశానని చెప్పాను. ఆ మాటకు హాలంతా చప్పట్లు.

వేణి వెనక వరసలోంచి లేచి నిలబడి, "మా అక్కే నాకు డాక్టరండీ!" అంది. అందరూ నవ్వారు. కూర్చో కూర్చో అని సైగ చేశాను. సిగ్గేసింది కానీ, బాగుంది.

దిగివచ్చాక సంతోషి నా చేతులు పట్టుకుని, "మేడమ్, నాక్గూడ బీపీ ఉన్నది. రేపట్సంది మీ ఎంబడే" అంది.

డాక్టరమ్మ పర్యవేక్షణలో అన్న మాట కూడా చెబుదామనుకున్నాను. టైమ్ అయిపోయిందని బెల్లు కొట్టారు.

మార్చి 17

ఒంటిపూట బడులు. వేణి రెండు రోజులుగా రావడం లేదు. తలనొప్పట. ఎండల వల్లే. మజ్జిగ తాగమన్నాను.

మార్చి 21

వచ్చింది. మొహం ఉబ్బింది. నిద్ర చాలలేదంది. కాళ్ళు కూడా చెప్పుల్లో పట్టడం లేదు. రోజంతా నిలబడే పని కదా.

మార్చి 24

ఈరోజు బెంచీ పక్కన వాంతి చేసుకుంది. నీళ్ళు పుక్కిలించి, "పొద్దున్నే ఖాళీ కడుపున టీ తాగానక్కా, అదే" అంది. అడుగుదామనుకున్నాను. ఏం అడగాలో నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. అంతలో ఆమె లేచి నడవడం మొదలుపెట్టింది. ఆమె వెనకాలే నేనూ నడిచాను.

మార్చి 29

వేణి పడిపోయింది.

సాయంత్రం కర్రీ పాయింటులో జనం ఉన్న వేళ. సాంబారు పొట్లం కడుతూ, కళ్ళు కనిపించడం లేదు అందట. అంతలోనే ఫిట్స్. వాళ్ళాయన చిదంబరం గారు ఫోన్ చేశారు కానీ ఏం చెబుతున్నారో అర్థం కాలేదు, వెనక ఉదయ ఏడుపే వినిపించింది. మహిపాల్ బండి తీశాడు. మేం వెళ్ళేసరికి ఆసుపత్రిలో లోపలికి తీసుకుపోయారు. బీపీ అంత ఎక్కువ మనిషికి ఉంటుందని నాకు తెలియదు. నర్సు ఆ అంకె చెబితే ఇంకెవరిదో అనుకున్నాను.

మార్చి 30

ఉగాదట. ఐసీయూ బయట ఎవరో డబ్బాలో పచ్చడి పంచారు. చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 1

స్పృహ వచ్చింది. నిన్ననే డయాలసిస్ కూడా చేశారు. మెడ దగ్గర గొట్టం వేశారు. ఈరోజు వార్డులోకి మార్చాక నన్ను లోపలికి రానిచ్చారు. కొబ్బరినీళ్ళు పట్టుకుపోయాను. నర్సు గుమ్మంలోనే ఆపేసింది. కిడ్నీలు పనిచేయని వాళ్ళకు కొబ్బరినీళ్ళు విషంతో సమానమట, గుండె ఆగిపోవచ్చట. సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎక్కడ పారబొయ్యాలో తెలియలేదు.

డాక్టరు కుర్రవాడు. మంచం దగ్గరకొచ్చి చిదంబరం గారిని అడిగాడు: "బీపీ మందులు ఎప్పుడు మానేశారండీ?"

"మానేయడమేంటండీ? నెలనెలా నేనే తెచ్చిపెడుతున్నాను."

"మీరు తెస్తున్నారు. ఆవిడ వేసుకోవడం లేదు. వేసుకునేవాళ్ళకు ఇట్లా రాదు. నొప్పి బిళ్ళలు కూడా బాగా వాడినట్టున్నారు, అవి ఇంకా దెబ్బ తీశాయి." అప్పుడు వేణి వైపు వంగి, "అమ్మా, ఎవరైనా మానమన్నారా?" అన్నాడు.

నేను కిటికీ దగ్గర ఉన్నాను. వేణి కళ్ళు తిప్పి నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను.

"ఎవరూ అనలేదండి. నేనే మానేశాను" అంది.

"ఎందుకే?" అని చిదంబరం గారు అరిచారు. వార్డంతా తిరిగి చూసింది. వేణి కళ్ళు మూసుకుంది.

బయటికొచ్చాక డాక్టరు ఆయనతో అన్నది విన్నాను. స్కానింగులో కిడ్నీలు బాగా చిన్నవైపోయి కనిపించాయట. అది ఈ ఒకటి రెండు నెలల్లో అయింది కాదట, ఎన్నేళ్ళుగానో నెమ్మదిగా అవుతున్నదట.

ఎన్నేళ్ళుగానో.

ఏప్రిల్ 2

నేను మానమని చెప్పలేదు. నా సంగతి చెప్పానంతే.

ఏప్రిల్ 3

కిడ్నీలు ఎన్నేళ్ళుగానో పాడవుతున్నాయని డాక్టరే అన్నాడు. నాతో పరిచయం కాకముందు నుంచీ. నా సంగతి చెప్పాను, అంతే. ఎవరైనా చెబుతారు.

ఆసుపత్రి క్యాంటీన్లో చిదంబరం గారు నాకు టీ తెచ్చి ఇచ్చారు. తన కోసం తెచ్చుకోలేదు. "సొంత అక్కచెల్లెళ్ళు ఫోన్లు చేసి ఊరుకున్నారండి. మీరు బడి మానుకుని మరీ వస్తున్నారు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చారు. అంత మనిషి. నేను టీ తాగాను.

ఏప్రిల్ 6

మహిపాల్ అడిగాడు. అన్నం ముందు కూర్చుని, కలుపుతూ కలుపుతూ ఆపేసి అడిగాడు.

"వేణి గోలీలు ఎందుకు బంద్ జేసింది తారా?"

"నాకేం తెలుసు? తల తిరుగుతుందని చేసిందేమో."

"నువ్వేం జెప్పలేదా?"

"లే. నా సంగతి చెప్పిన. గంతే."

కంచంలోకి చూస్తూ అన్నాడు: "ఆ దినం నేను గీ సోఫాల్నే కూసున్న. టీవీ సప్పుడు తక్కువనే ఉండె. గోంగూర గిన్నె ఇయ్యనీకె వచ్చింది సూడు, ఆ దినం. 'ఆ గోలీలు మింగి మింగి కిడ్నీలు ఖరాబైతయి వేణీ. నన్ను సూడు. నాతోని మంచిగ నడువు, అన్నీ అవే పోతయి' అన్నవు. నేనిన్న."

"గట్ల అనలే."

"అన్నవు."

"అంటే మరి అప్పుడే ఎందుకు ఆపలేదు నన్ను?" అని అరిచాను.

"నిజమే అనుకున్న. సదువుకున్నదానివి, నువ్వు చెప్తే నిజమే ఉంటదనుకున్న" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అన్నం అట్లాగే ఉంది.

ఏప్రిల్ 7

అన్నాను.

ఏప్రిల్ 10

నెల చెకప్పు. పోయిన నెల వెళ్ళనేలేదు. అంతా బాగుంది కదా అని.

నా బీపీ పెరిగి ఉంది. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టమంది. నేను వేణి సంగతి ఎవరిదో అన్నట్టు చెప్పాను. మా చుట్టాలావిడ అన్నాను.

డాక్టరమ్మ పెన్ను మూసి పక్కన పెట్టింది. "నడక మంచిదే. రక్తనాళాలు మెత్తబడతాయి, బీపీ దిగుతుంది, కిడ్నీల మీద ఒత్తిడి తగ్గుతుంది. మీకు మొదట్లోనే దొరికింది కాబట్టి నడక, ఉప్పు, ఒక చిన్న మాత్ర కలిసి లాక్కొచ్చాయి. ఆవిడకు అన్నేళ్ళ బీపీ. ఆ వయసుకు ఆ కిడ్నీలు సగం పోయే ఉంటాయి. అట్లాంటి వాళ్ళు కూడా నడవాలి, కానీ మందులు వేసుకుంటూ నడవాలి."

"ఆ మందులతోనే కిడ్నీలు పాడవుతాయంటారు కదా" అన్నాను.

"ఎవరంటారు? ఆవిడ వేసుకునే రెండింట్లో ఒకటి కిడ్నీలను కాపాడడానికి ఇచ్చిందే అయి ఉంటుంది."

మళ్ళీ అడిగాను. "వేసుకుంటూ ఉంటే ఇట్లా అయ్యేది కాదా?"

"ఎప్పటికీ అయ్యేది కాదని చెప్పలేను. ఇప్పుడే కాకపోయేదేమో. కొన్నేళ్ళు ఆగేదేమో."

కొన్నేళ్ళు అంటే ఎన్ని అని అడగలేదు. ఉప్పల్ స్టేషన్లో మెట్రో దిగి స్కైవాక్ మీద కూర్చున్నాను. కింద బస్సులు, జనం, ఎవరి తొందరలో వాళ్ళు. హబ్సిగూడలో ఎక్కి ఇంటికి కాకుండా ఉప్పల్ ఎందుకు వచ్చానో కూడా తెలియలేదు.

ఏప్రిల్ 13

పార్కుకు వెళ్ళలేదు. గ్రూపులో ఫోటోలు పెడుతున్నారు.

ఏప్రిల్ 15

వేణిని ఇంటికి తెచ్చారు. ఇక వారానికి మూడుసార్లు ఉప్పల్లో డయాలసిస్ సెంటరుకు వెళ్ళాలి. కిడ్నీ మార్పిడి సంగతి తర్వాత చూద్దామన్నారట. కిందికి వెళ్ళి పది నిమిషాలు కూర్చున్నాను. ఉదయ అమ్మ కాళ్ళు ఒత్తుతూ, "ఆంటీ, మీరైనా అడగండి. మాత్రలు ఎందుకు మానేసిందో మాకు చెప్పట్లేదు. నాన్నగారు దేవుడి మీద ఒట్టు వేయించుకుని అడిగినా చెప్పట్లేదు" అంది.

వేణి గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇప్పుడు అలిసిపోయి ఉంది, తర్వాత అడుగుదాం" అన్నాను. అట్లా అన్నాను.

ఏప్రిల్ 18

గ్రూపులో సంతోషి మెసేజ్:

"మేడమ్ చెప్పినట్టు చేసిన. గోలీలు బంద్ చేసి నెల దాటింది. మస్తు హాయిగుంది. థ్యాంక్యూ మేడమ్."

కింద అరడజను మంది దండాలు, పూలు. ఒకామె, నేనూ మానేద్దామనుకుంటున్నా అని పెట్టింది.

మళ్ళీ మొదటి నుంచి చదివాను.

వెంటనే రాశాను: "డాక్టరును అడగకుండా ఎవరూ మందులు ఆపకూడదు." పంపాను. పది నిమిషాల్లో సంతోషి నుంచి జవాబు: "మీరు ఆపి మంచిగనే ఉన్నరు కద మేడమ్." నవ్వు బొమ్మ.

ఫోన్ చేశాను. ఎత్తగానే అవతల డ్రయ్యర్ మోత.

"సంతోషీ, మళ్ళ మొదలుపెట్టు. ఇయ్యాలనే."

"ఎందుకు మేడమ్? ఏమైతలేదు నాకు. తలకాయ నొస్తలేదు, ఏం లేదు."

"ఏం కాకుంటనే లోపల ఐతది. నేను మళ్ళ వేసుకుంటున్న."

"అయ్యో. మీకు పెరిగిందా? నాకు పెరగలే మేడమ్. కస్టమర్లున్నరు, మళ్ళ చేస్త."

పెట్టేసింది. బీపీ చూసుకున్నావా అని అడిగేలోగా పెట్టేసింది.

ఏప్రిల్ 19

పార్లర్‌కు వెళ్ళాను. పెళ్ళికూతురికి మెహందీ పెడుతోంది. నిలబడి నిలబడి వచ్చేశాను. అందరి ముందర ఏం చెప్పాలి? వేణికి ఏమైందో కాలనీకంతా తెలుసు. ఎందుకైందో తెలిస్తేనే సంతోషి వింటుంది. ఆ ఎందుకు అన్నది నా దగ్గర ఉంది, వేణి దగ్గర ఉంది, మహిపాల్ దగ్గర ఉంది.

వేణి దాచింది. ఆమె దాచినదాన్ని నేను బయట పెట్టడం ఏం న్యాయం, అని కూడా ఆలోచించాను. ఎంత మంచి కారణం దొరికిందో నాకు!

ఏప్రిల్ 20

మహిపాల్‌తో చెప్పాను, గ్రూపులో రాస్తానని.

"ముందుగాల చిదంబరానికి చెప్పు. ఫోన్ల సదివి తెలుసుకుంటే బాగుండదు" అన్నాడు.

"నువ్వు గూడ రా."

"నేను రాను. నువ్వే పోవాలె."

ఏప్రిల్ 22

చెప్పాను.

పొద్దున కర్రీ పాయింటు తెరవక ముందు వెళ్ళాను. సగం షట్టరు ఎత్తి ఉంది. చిదంబరం గారు బీరకాయలు చెక్కు తీస్తున్నారు, ఉదయ పొయ్యి దగ్గర ఉంది. కాలేజీ మాని వస్తోంది కాబోలు. నన్ను చూసి ఆయన స్టూలు తుడిచి వేశారు.

నేను కూర్చోలేదు. "వేణి మాత్రలు మానేసింది నా మాట మీదండీ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "మీరేమన్నారండీ?"

ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ గోలీలు మింగితే కిడ్నీలు పాడవుతాయన్నాను. నన్ను చూడమన్నాను. నడిస్తే అన్నీ పోతాయన్నాను. డాక్టరు చూసుకుంటూ ఆపిన సంగతి చెప్పలేదు, నెలనెలా చూపించుకోవాలన్న సంగతి చెప్పలేదు. ఇప్పుడు సంతోషి కూడా మానేసిందని, అందరికీ చెప్పబోతున్నానని, ముందు మీకు చెప్పడానికి వచ్చానని.

ఉదయ పొయ్యి ఆపేసింది. ఆ చప్పుడు ఆగాక కొట్టంతా ఖాళీ అయిపోయినట్టుంది.

ఆయన తిట్టలేదు. తిడతారనుకునే వెళ్ళాను. చెక్కు తీసే కత్తి పళ్ళెంలో పెట్టి, "టీచరుగారూ, నేను మీ చేతులు పట్టుకుని ఏడ్చానండి" అన్నారు.

నేను తల ఊపాను.

"టీ తెచ్చి ఇచ్చానండి మీకు."

"అవునండీ."

"అది మాట దాస్తోందని రోజూ తిడుతున్నానండి. ఒంట్లో బాగాలేని మనిషిని. నిన్న చెయ్యి కూడా ఎత్తాను." పళ్ళెం పక్కకు జరిపారు. తర్వాత చాలా మర్యాదగా అన్నారు: "మీరు చెప్పాల్సింది చెప్పారు. ఇక మా గుమ్మం తొక్కకండి. దాంతో మాట్లాడకండి."

ఉదయ నా వైపు చూడలేదు. షట్టరు కిందనుంచి వంగి బయటికి వచ్చాను.

సాయంత్రం గ్రూపులో రాశాను. మూడుసార్లు రాసి చెరిపాను. ప్రతిసారీ నాకు తెలియకుండానే ఒక సాకు వచ్చి చేరుతోంది. చివరికి నాలుగు వాక్యాలే మిగిలాయి. పంపి, ఫోను బోర్లా పెట్టాను.

ఏప్రిల్ 23

సంతోషి ఫోన్ చేసింది. "నిజమేనా మేడమ్?" అంది.

"నిజమే."

"వేణక్కకు గట్ల చెప్పిన్రా?"

"చెప్పిన."

తిడుతుందనుకున్నాను. "నేను దవాఖానకు పోత" అని పెట్టేసింది.

గ్రూపులోంచి చాలామంది వెళ్ళిపోయారు. ఒకామె వెళ్ళే ముందు, టీచరై ఉండి ఇట్లా ఎట్లా చెప్పారు అని రాసింది. బడిలో ఇద్దరికీ తెలిసింది. స్టాఫ్ రూములో నేను వెళ్ళగానే మాట మారింది. ఈరోజు ఎండాకాలం సెలవుల ముందు ఆఖరి పని దినం. బతికిపోయాను.

ఏప్రిల్ 26

సంతోషికి బీపీ బాగా ఎక్కువ ఉందట. తల నొప్పి లేదు, ఏమీ లేదు, అయినా ఉందట. కిడ్నీ పరీక్షలు బాగున్నాయట. మందులు మళ్ళీ మొదలుపెట్టారు. ఈ సంగతులు ఆమె నాకు చెప్పలేదు, వాళ్ళాయన మహిపాల్‌కు చెప్పాడు.

మే 5

ఎండలు. పార్కు ఖాళీ.

మే 10

బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే ఆటో వచ్చి ఆగింది. డయాలసిస్ నుంచి వేణి. ఉదయ పట్టుకుంటే దిగింది. ఆటోకు, గేటుకు మధ్య ఆగి ఊపిరి తీసుకుంది. పార్కులో నన్ను దాటి పోయిన మనిషి. తల ఎత్తుతుందేమోనని వెనక్కి జరిగాను. తడి చీర చేతుల్లోనే ఉండిపోయింది.

మే 19

మహిపాల్ ఈ మధ్య నాతో పొద్దున నడవడానికి వస్తున్నాడు. అడగకుండానే. పార్కు వైపు కాకుండా ఫ్యాక్టరీల రోడ్డు పట్టుకుంటాడు. ఇద్దరం మాట్లాడుకోం. లారీలు పోతుంటాయి.

మే 28

కిందింట్లోంచి చిదంబరం గారి గొంతు. అన్నం దగ్గర ఏదో. నీళ్ళు ఎక్కువ తాగిందనేమో. ఇప్పుడామెకు నీళ్ళు కూడా కొలత. ఈ ఎండల్లో.

జూన్ 12

బడి తెరిచారు. ఏడో తరగతి కాకుండా తొమ్మిది ఇచ్చారు. మంచిదే.

జూన్ 18

ఈరోజు పొద్దున తలుపు చప్పుడైంది. పాలవాడనుకున్నాను.

వేణి. రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని నిలబడింది. మెట్లెక్కి వచ్చింది! ఆయాసంతో మాట రావడం లేదు. రంగు మారిపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి.

"చెప్పులేసుకుని రండక్కా" అంది.

"వేణీ, మీ ఆయన..."

"బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళారు. కూరగాయలు తేవాలి కదా. ఉదయ పడుకుంది. రండి."

మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే, "ఆ చెయ్యి కాదు. డయాలసిస్ కోసం అందులో నరం కలిపి కుట్టారు" అంది. రెండో వైపుకు వెళ్ళి పట్టుకున్నాను. గేటు దాటాం.

"నడవమన్నారు అక్కా. డయాలసిస్ లేని రోజుల్లో మెల్లగా నడిస్తే కాళ్ళలో బలం నిలుస్తుందంట. బీపీ కూడా మాట వింటుందంట. మందులు మాత్రం మానకూడదంట." ఆ మాట అని నా మొహం వైపు చూడలేదు. "ఒక్కదాన్నే వెళ్తే పడిపోతానేమోనని భయం. ఉదయకి చెబితే ఇంట్లోనే తిరగమంటుంది."

మా సందు చివర దాకా కూడా పోలేదు. కరెంటు స్తంభం దగ్గర ఆగింది. ఆమె ఆగినప్పుడు నేను ఆగాను.

"వేణీ, నేను ఆ రోజు..."

"మా ఆయనకి ఎందుకు చెప్పారు?"

నేను ఆమె చెయ్యి వదిలేశాను.

"అందరూ అడిగారు. ఆయన అడిగారు, ఉదయ అడిగింది, డాక్టర్లు అడిగారు. నేను దాచాను కదా. చెయ్యెత్తినా చెప్పలేదు. మీరెళ్ళి కొట్టులో నిలబడి చెప్పేశారు. మీ మనసు తేలికైంది. నాకు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. ఆ మంచం, ఆ మిషను, ఆ ఆటో. రెండు నెలలు, అక్కా."

"తేలిక గాలే" అన్నాను.

ఆమె స్తంభానికి ఆనుకుని ఊపిరి తీసుకుంటోంది. కోపమో ఆయాసమో తెలియలేదు.

"సంతోషి గూడ ఆపింది వేణీ. నన్ను చూసే. ఎంత చెప్పినా వినలే. నీ సంగతి చెప్తెనే విన్నది."

"పార్లర్ సంతోషేనా?"

"ఆఁ."

"ఎన్నాళ్ళు ఆపింది?"

"నెల దాటింది."

వేణి కళ్ళు మూసుకుంది. పాలబండి పోయింది, పేపరు వేసే సైకిలు పోయింది. నిద్రపోయిందేమో, కళ్ళు తిరిగాయేమో అని భయమేసింది.

"ఇప్పుడు వేసుకుంటోందా?" అంది.

"ఏసుకుంటున్నది."

"కిడ్నీలు?"

"మంచిగున్నయంట."

"సరే" అంది. ఆ సరే ఎవరికో నాకు తెలియలేదు. క్షమించానని అనలేదు. అంటుందని నేను అడగలేదు, అడిగే మొహమూ లేదు. కొంగుతో పెదాలు తుడుచుకుని, "పదండి. ఆయన వచ్చేలోపు ఇంట్లో ఉండాలి. రేపు డయాలసిస్. ఎల్లుండి వస్తాను" అంది.

స్తంభాన్ని వదిలి, తన బరువంతా నా చేతి మీద వేసింది. గట్టిగా పట్టుకోవాల్సి వస్తుందని కాళ్ళు నిలదొక్కుకున్నాను. అక్కర్లేకపోయింది. ఏమీ బరువు లేదు మనిషి.